అప్పగింతలు

సెలవు తీసుకోవడానికి మన తెలుగువాళ్ళకి ఒక చక్కని మాట ఉంది: "వెళ్ళొస్తాను". వెళ్ళడాన్నీ రావడాన్నీ కలిపి ఒక్క మాటగా ముడివేశారు మన పెద్దలు. మా పల్నాడులో అయితే "పోయొస్తా" అంటారు. ఉత్తుత్తి "పోతున్నా" అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. సందు చివర కొట్టుకు పోయి ఉప్పు తెచ్చేవాడికైనా ఇదే చట్టం.

మరి సముద్రాలు దాటి పోయేవాళ్ళ మాటేమిటి? అక్కడే చదువు, అక్కడే ఉద్యోగం, వీలైతే అక్కడే సంసారం అని మనసులో ఎంతో కొంత అనుకుని బయలుదేరేవాళ్ళు కూడా గడప దగ్గర ఈ మాటే అంటున్నారు గదా! అందులో మొదటి సగం నెరవేరుతుందనడానికి విమానం టిక్కెట్టే సాక్ష్యం. రెండో సగానికి పూచీ ఎవరు?

2025 శ్రావణంలో నాకీ ప్రశ్న ఎదురయింది. మా పెదనాన్నగారి అమ్మాయి ఇంజనీరింగు పూర్తి చేసి, ఎం.ఎస్. చదవడానికి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి ప్రయాణమయింది. మాది ఇప్పటికీ ఒకే ఆవరణలో మూడు పొయ్యిలు వెలిగే రైతు కుటుంబం. అక్క వెళ్ళేముందు చుట్టాలందరికీ చెప్పిరావాలి. ఆ వారం రోజులూ మోటారు సైకిలు నడిపిన సారథిని నేను. అక్క అందరికీ వీడ్కోలు చెప్పింది, నేను ఆ వీడ్కోళ్ళన్నీ చూశాను. చూసినవాడికి కొంచెం ఎక్కువే అర్థమవుతుందని నా నమ్మకం.

అసలు వీడ్కోళ్ళ విషయంలో మా పల్నాడు సామాన్యమైన గడ్డ కాదు. పల్నాటి వీరుల కథ సగం వీడ్కోళ్ళ కథే. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవుడు. కోడిపందెంలో ఓడి, మలిదేవాదులు బ్రహ్మనాయుడితో కలిసి ఏడేళ్ళపాటు రాజ్యం విడిచిపోయారు. గడువు తీరాక మా భాగం మాకివ్వమని అలరాజును రాయబారం పంపారు. భాగం దక్కలేదు సరిగదా, రాయబారి ప్రాణమే పోయింది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. తల్లి ఐతమ్మ మాట మీద బాలచంద్రుడు భార్య మాంచాల దగ్గర సెలవు తీసుకోవడానికి పోవడం, ఆమె కత్తి చేతికిచ్చి సాగనంపడం తెలుగునాట తెలియనిదెవరికి? ఇప్పటికీ ఏటా కార్తీకంలో కారెంపూడిలో అయిదు రోజులు వీరారాధన జరుగుతుంది. ఆ అయిదు రోజుల్లో ఒకదాని పేరు రాయబారం, ఒకదాని పేరు కోడిపోరు.

ఈ కథ విన్నవాళ్ళంతా పౌరుషం గురించి మాట్లాడతారు. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆ యుద్ధం వాళ్ళు వెళ్ళిపోయినందుకు రాలేదు, తిరిగి వస్తామన్నప్పుడు చోటు లేకపోయినందుకు వచ్చింది. వెళ్ళేనాడు ఎవరి భాగం ఎవరి చేతుల్లో ఉంటుందో, దాన్ని ఎవరు కాపాడతారో తేలకపోతే, వచ్చేనాడు తగువు తప్పదు.

సరే, మా ప్రయాణం సంగతికొస్తాను. ఆషాఢంలో ఆడపిల్లను ఊరు దాటించనని నాయనమ్మ పట్టుబట్టింది. టిక్కెట్టు శ్రావణంలోకి జరిగింది. తొమ్మిది ఇళ్ళకు పోవాలి. ముందు ఎవరింటికి? మేనమామ గడప తొక్కాకే ఇంకోచోటికి అని పెద్దమ్మ. ఇంటి ఆడపడుచును కాదని మాచర్ల మేనమామ దగ్గరికి ముందెట్టా పోతారని నాయనమ్మ. గురజాలకూ మాచర్లకూ మళ్ళీ యుద్ధం వచ్చేట్టే ఉంది! చివరికి మా నాన్న కలగజేసుకుని, "పిడుగురాళ్ళలో చినతాతయ్య ఉన్నాడు, అందరికంటే పెద్దాయన. ముందు ఆడికి పోండి" అని తీర్పు చెప్పి సంధి కుదిర్చాడు.

పిడుగురాళ్ళ సున్నం బట్టీలు దాటి చినతాతయ్య ఇంటికి చేరేసరికి ఆయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు సరిగా కనపడవు. గొంతును బట్టి మనిషిని పోలుస్తాడు. అక్క చెయ్యి పట్టుకుని ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటనుకున్నారు?

"అమ్మాయ్, ఆడ జొన్నలు పండుతయ్యా?"

అక్క తెల్లబోయింది. సైన్సు విద్యార్థిని కదా, ఫోనులో వెతికి నేను జవాబు చెప్పాను. పండుతాయి తాతయ్యా, అమెరికాలో జొన్న బాగా పండే రాష్ట్రాల్లో టెక్సాస్ ఒకటి. పత్తిలో అయితే మొదటిది అదేనట. ముసలాయన ముఖం విప్పారింది. "జొన్నా పత్తీ పండుతుంటే ఇంకేం! అదీ మన పల్నాడే. పోయిరా తల్లీ" అన్నాడు. ఆయనకు కావలసింది ఆ ఒక్క ముక్క. మనవరాలు పోయేచోటు తనకు తెలిసిన మట్టి అయితే చాలు, భయం లేదు.

అన్ని ఇళ్ళలోనూ జరిగింది ఇదే. తూర్పుముఖంగా కూర్చోబెట్టి బొట్టు పెట్టడం, జాకెట్టు గుడ్డా పండూ తాంబూలం ఇవ్వడం, గుప్పిట్లో మడతపెట్టిన నోటు కుక్కడం. దుఃఖం గురించి ఎవరూ మాట్లాడలేదు. అక్కడ నీళ్ళు ఎట్టా వస్తాయి, గదిలో ఎంతమంది ఉంటారు, చలికి తలకు నూనె రాస్తే పేరుకుంటుందా, ఇవే ప్రశ్నలు. గురజాల మేనత్త పండుమిరపకాయ పచ్చడి డబ్బా మూతకు మూడు చుట్లు గుడ్డ కడుతూ ఒక్కసారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అడిగితే మిరపకాయ ఘాటు అంది. మేమూ ఒప్పుకున్నాం.

విమానంలో రెండు పెట్టెలు, ఒక్కొక్కటీ 23 కిలోలు మించరాదు. మా ఇంట్లో మిరప టిక్కీలు తూచే కాటా ఉంది కదా, పెట్టెలు దానిమీదే తూచాం. ఒకదాంట్లో కిలోన్నర ఎక్కువ వచ్చింది. పచ్చడి తియ్యాలా, పుస్తకం తియ్యాలా అని ఇంటిల్లిపాదీ సభ చేసి, పుస్తకమే తీశారు. లెక్చరర్లు క్షమించాలి!

ఇదంతా చూస్తుంటే ఎప్పుడో చదివిన సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. 19వ శతాబ్దంలో ఐర్లండు పల్లెల నుంచి లక్షలమంది అమెరికాకు వలసపోయారు. పోయేవాడి ఇంట్లో ముందురోజు రాత్రి ఊరంతా చేరి తెల్లవార్లూ జాగారం చేసేవారట. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "అమెరికన్ వేక్". వేక్ అంటే శవం దగ్గర చేసే జాగారం. ఓడ ఎక్కినవాడు మళ్ళీ కళ్ళబడడని వాళ్ళకు తెలుసు. అందుకే బతికున్న మనిషికే చావు జాగారం చేశారు.

మన తెలుగువాళ్ళకూ ఓడ వలస కొత్తదేం కాదు. ఉత్తరాంధ్ర నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో కూలికోసం రంగూన్ వెళ్ళారు. ఆ ఊరిని "రంగం" అన్నారు. 1941 డిసెంబరులో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేస్తే, 1942లో వేలాదిమంది భారతీయులు కొండలూ అడవులూ పట్టి కాలినడకన స్వదేశం దారి పట్టారు. దారిలో ఎందరో రాలిపోయారు. మన కోస్తా రైతులు తుంగభద్ర నీళ్ళు వచ్చాక కర్ణాటకలో సింధనూరు, గంగావతి ప్రాంతాలకు పోయి పొలాలు చేసుకుని, ఉన్నచోటికి "క్యాంపు" అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు చూడండి! క్యాంపు అంటే నాలుగు రోజులు ఉండేది. తరాలు గడిచినా ఆ పేరు పోలేదు. స్థిరపడినచోటుకు కూడా తాత్కాలికమైన పేరు పెట్టుకున్నవాళ్ళ మనసులో "వెళ్ళొస్తాను"లోని రెండో సగం ఎక్కడో మిగిలి ఉంటుందనుకుంటాను.

మా ఇంట్లో వీడ్కోలు అంటే ఏమిటో అందరికంటే బాగా తెలిసింది మా నాయనమ్మకు. ఆమె పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండ లోయలో ఉండేది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుంది కాబట్టి 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, బయటపడ్డ బౌద్ధ శిల్పాలను పైకి, కొండమీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ళ మధ్య దీవి, అక్కడే మ్యూజియం. ఊళ్ళవాళ్ళు మాత్రం బండ్లు కట్టుకుని తలోదిక్కూ పోయారు. నాయనమ్మకు అప్పటికి పదేళ్ళు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఆ కుడికాలువ నీళ్ళే ఈరోజు మా మిరపచేలను తడుపుతున్నాయి. అంటే నాయనమ్మ పుట్టిల్లు ముంచిన నీళ్ళే ఆమె అత్తింటికి అన్నం పెట్టాయి. ఆమె దీన్ని గొప్పగానూ చెప్పదు, ఏడుస్తూనూ చెప్పదు.

ప్రయాణం ముందు సాయంత్రం అక్క ఆమె పక్కన కూర్చుని, "నన్ను తల్చుకుని దిగులు పెట్టుకోబాకే నాయనమ్మా" అంది. ఆమె వక్క నములుతూ అన్న మాట నేను మర్చిపోలేను.

"దిగులెందుకే? నేను వదిలొచ్చిన ఊరికి తిరిగిపోదామన్నా దారి లేదు. నువ్వు వదిలిపోయే ఊరు ఈడనే ఉంటది. నేనున్నా లేకున్నా ఊరు ఉంటది. అంతకంటే ఏం గావాల?"

ఆ రాత్రి భోజనాలయ్యాక అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. నులకమంచం మీద కూర్చోబెట్టి ఒక నోటు పుస్తకం చేతికిచ్చింది. నేనేదో చదువు సలహా అనుకున్నాను. చూస్తే జాబితా.

మొదటిది నాయనమ్మ మాత్రలు. ఆమెకు చదువు రాదు. బి.పి. మాత్రల అట్టకు అక్క ఎర్రదారం కట్టింది, అది పొద్దున్నే. చక్కెర మాత్రల అట్టకు పసుపుదారం, అది అన్నానికి ముందు. కొత్త అట్ట తెచ్చినప్పుడల్లా దారం మార్చి కట్టాలి. రెండోది చినతాతయ్య. ఆయనంతట ఆయన ఎవరికీ ఫోను చెయ్యడు, ఆదివారం ఆదివారం మనమే చెయ్యాలి. మూడోది పెదనాన్న బ్యాంకు పుస్తకం, పంట నమోదు, వాటికి వచ్చే సందేశాలు. నాలుగోది తాతయ్య ఆబ్దికం తిథి, పంచాంగం చూసి పదిహేను రోజుల ముందే అందరికీ గుర్తుచెయ్యాలి.

అయిదోది చదివేసరికి నేను తలెత్తి అక్క ముఖంలోకి చూశాను. "బాబాయి ఎకరం".

అక్క చదువు అప్పుకి పెదనాన్న పొలం ఒక్కటే సరిపోలేదు. మా చిన్నబాబాయి తన వాటాలోని ఎకరం కాగితాలు కూడా బ్యాంకులో పెట్టాడు. ఆయనకిద్దరు చిన్నపిల్లలు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు. అక్క అంది: "నేను ఉద్యోగంలో చేరాక మొదట విడిపించేది ఆ ఎకరం. నాకేమన్నా ఆలస్యమైతే బాబాయి నన్ను అడగడు. ఆయన స్వభావం నీకు తెలుసు. నువ్వు అడగాలి. ఈ మాటకు నువ్వే సాక్షివి."

పెళ్ళిలో అప్పగింతలప్పుడు పిల్ల చేతులు పాలలో ముంచి అత్తింటివారి చేతుల్లో పెడతారు. వెళ్ళే పిల్లను ఉన్నవాళ్ళు అప్పగించడం అది. ఇక్కడ తిరగబడింది! వెళ్ళే పిల్ల ఉన్నవాళ్ళను ఇంకొకరికి అప్పగిస్తోంది. ఆ పెరట్లో నాకనిపించింది, తొమ్మిది ఇళ్ళలో జరిగిన బొట్లూ తాంబూలాలూ వీడ్కోలులో సగమేనని, మిగతా సగం ఈ నోటు పుస్తకమేనని.

ఎందుకంటే రెండో సగం లేని వీడ్కోలు కూడా నేను చూశాను. మా మేనత్త పెద్దకొడుకు న్యూజెర్సీలో ఉన్నాడు. వెళ్ళేటప్పుడు ఆయనా అందరి కాళ్ళకూ దణ్ణం పెట్టాడు, అందరూ దీవించారు. కానీ అంతవరకూ తాను చేస్తున్న పనులేవీ ఎవరికీ అప్పగించలేదు. అత్తకు బ్యాంకునుంచి కాగితం వస్తే, అది ఏమిటో తెలుసుకోవడానికి వారాంతంలో కొడుకు ఫోనుకోసం కాచుకునేది. పక్కింట్లో చదువుకున్న పిల్లలున్నా అడగదు. "వాడు ఏమనుకుంటాడో" అంటుంది.

2021 మే నెలలో కరోనాతో మా తాతయ్య పోయాడు. ఆ నెల 4వ తేదీనుంచే ఇండియాలో ఉండి వచ్చేవారిమీద అమెరికా ఆంక్షలు పెట్టింది. పౌరులూ శాశ్వత నివాసులూ కానివాళ్ళు ఇక్కడికి వస్తే తిరిగి ఉద్యోగానికి పోగలరో లేదో తెలియదు. బావ రాలేకపోయాడు. అంత్యక్రియలు ఫోనులో చూశాడు. ఆ ఫోను పట్టుకుని నిలబడ్డది పదహారేళ్ళ నేను. చితి చుట్టూ నేను తిరుగుతుంటే తెరమీద ఆయన ముఖం కూడా తిరిగింది. అక్కడ అర్ధరాత్రి. ఆయన తప్పేమీ లేదు, ఎవరి తప్పూ లేదు. రావడమనేది మన చేతుల్లో ఉండదని ఆరోజు తెలిసింది.

అక్క వెళ్ళిన నెలన్నరకే ఈ సంగతి మళ్ళీ రుజువయింది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం అని అమెరికా అధ్యక్షుడు ప్రకటించాడు. ఇంట్లో ఆ వారం పొయ్యి వెలిగిందే గానీ అన్నం ఎవరికీ సయించలేదు. బాబాయి మాత్రం ఏమీ ఎరగనట్టు మిరపచేలో పని చేసుకుంటూ పోయాడు. అక్టోబరులో, అక్కడే చదువుకుంటూ వీసా మార్చుకునేవారికి ఈ రుసుం వర్తించదని వివరణ వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాం. రేపు ఇంకేం మారుతుందో ఎవరు చెప్పగలరు? అక్కడ ఉద్యోగం దొరికినా సరే, శాశ్వత నివాసానికి దేశానికి ఏడు శాతమని ఉన్న పరిమితి వల్ల మనవాళ్ళు ఏళ్ళ తరబడి వరసలో నిలబడాల్సిందే. తల్లిదండ్రులను చూడ్డానికి వచ్చిపోవాలన్నా వీసా ముద్ర గండం.

అందుకే అంటున్నాను, వెళ్ళొస్తాననే మాటలో వచ్చే సంగతి వెళ్ళేవారి ఒక్కరి పూచీ కాదు. తిథి వార నక్షత్రాలు చూసి బయలుదేరవచ్చు, తిరిగివచ్చే ముహూర్తం మాత్రం ఇంకెవరో పెడతారు. మన చేతిలో ఉన్నది ఒక్కటే. వెళ్ళేవారి పని ఉన్నవారి చేతిలో పెట్టడం, ఉన్నవారు దాన్ని ఎరిగి తీసుకోవడం. అలా చేసినవారికి, ఏడేళ్ళకు వచ్చినా పదేళ్ళకు వచ్చినా ఇంట్లో చోటు ఉంటుంది. ఉద్యోగం దొరక్క, వీసా దొరక్క, మనసు విరిగి ఆర్నెల్లకే తిరిగివచ్చినా సరే చోటు ఉంటుంది. ఆ చోటు లేకపోతే ఏమవుతుందో కారెంపూడి చెబుతూనే ఉంది.

మిత్రులారా! ఈ సంచిక చదివే మీలో ఎందరో ఇప్పటికే పాస్‌పోర్టులు తీసుకుని ఉంటారు. వెళ్ళండి, తప్పులేదు. వాట్సాప్‌లో "అందరికీ బై" అని ఒక్క ముక్క పెట్టి విమానం ఎక్కకండి. చుట్టాల ఇళ్ళకు పోండి, జొన్నల గురించి అడిగే తాతలకు జవాబు చెప్పండి. ఆ తరువాత ఇంట్లో మీరు చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. రాస్తే గానీ తెలియదు, మనం ఎందరికి కళ్ళమో, ఎందరికి చెవులమో. ఆ కాగితం ఒక మనిషి చేతిలో, పేరు పెట్టి పిలిచి, పెట్టండి. ఇక ఇక్కడే ఉండేవాళ్ళం, మనం వాళ్ళను చూసి అసూయపడనూ వద్దు, జాలిపడనూ వద్దు. "నాకేం అప్పగిస్తున్నావ్?" అని అడిగి తీసుకుందాం. అడగడానికి సిగ్గెందుకు?

నేనూ పోతానా అని ఊళ్ళో అడుగుతున్నారు. డిగ్రీ అవనీండి, చూద్దాం అంటున్నాను. ప్రస్తుతానికి నా నోటు పుస్తకంలో అయిదు పద్దులున్నాయి. టెక్సాస్‌లో వేసవికి పదిన్నర గంటలు, చలికాలం పదకొండున్నర గంటలు వెనక. ఆదివారం పొద్దున మాకు తొమ్మిదయితే అక్కకు శనివారం రాత్రి. ఆ వేళకు ఫోను చేసి పద్దులన్నీ ఒక్కొక్కటే అప్పజెబుతాను. చినతాతయ్య మాట, మాత్రల మాట, పెదనాన్న కాగితాల మాట. అయిదోదాని గురించి నేను అడగకముందే ఆమె అడుగుతుంది: "బాబాయి ఎట్టా ఉన్నాడురా?"

అలా అడిగినంతకాలం ఆమె రాకడకు దారి తెరిచే ఉందని నేననుకుంటాను.